మెత్తరెక్కల చేపలు, ముల్లులేని కొర్రమట్ట

మృగశిరకార్తె తొలినాడు తెలంగాణమున చేప వండని యిల్లు తక్కువ. ఆనాటి యుదయమున జనగామ అంగడికి పోయి చేపలవారి వరుస ముందు నిలిచితిమేని, తడిగోనెల మీదను, వెడల్పయిన తట్టలలోను, నీరు పోసిన సత్తుగంగాళములలోను చెఱువులును నదులును ఒక్కచోటికి తరలివచ్చినట్లు కనబడును. పెద్దతలయు వెడల్పయిన పొలుసులును గల బొచ్చె, ఎఱ్ఱబాఱిన రెక్కల రవ్వ, వెండివలె మెఱయు మోసు, పసిడివన్నె బంగారుతీగ, మీసములు గల జెల్ల, పొడవుగా సాగిన వాలుగ, గంగాళములో ఇంకను ప్రాణముతో మెలికలు తిరుగు కొర్రమట్ట, అన్నియు అచటనే కలవు. అమ్మువాడు బొచ్చెను ఏ ప్రక్కనుండియైనను నిర్లక్ష్యముగా ఎత్తి త్రాసులో వేయును. జెల్ల జోలికి పోవునప్పుడు మాత్రము అతని చేయి మాఱును; తల వెనుకనుండి రెండు వ్రేళ్ళను పోనిచ్చి, ప్రక్కముండ్లు అరచేతికి తగులకుండునట్లు అదిమి పట్టును. తొందరపడి చేయి చాచిన కుఱ్ఱవానితో, "తమ్మీ, జెల్లను గట్ల పట్టకు, ముల్లు దిగుతది" అని హెచ్చరించును.

ఏ చేప రెక్క మెత్తన, ఏ చేప రెక్క ముల్లు అను ఈ యెఱుక చేపలవాని అరచేతికి తరతరములుగా తెలిసినదే. ఇట్టి యెఱుకనే ఆధారముగా గొని ఐరోపాఖండపు పండితులు పదునెనిమిదవ శతాబ్దమున ఒక శాస్త్రనామమును నిర్మించిరి. మలకాప్టెరీజియై అనునది ఆ నామము. నూటయేబది సంవత్సరములకు మించి చేపల శాస్త్రమున అది రాజ్యమేలినది. నేడు ఆ సింహాసనమున లేదు. అది ఎట్లు పుట్టినది, ఏమి చెప్పినది, ఏల తొలగినది అను మూడు ప్రశ్నలకును సమాధానములు పైని చెప్పిన తట్టలలోనే దొరకుననుట ఈ వ్యాసమున నేను నిరూపింపదలచిన విషయము.

పదమును విడదీసి చూతము. గ్రీకుభాషలో మలకోస్ అనగా మెత్తనిది. ప్టెరుక్స్ అనగా రెక్క. రెండును కూడగా మెత్తని రెక్కలు గలవి అను అర్థము వచ్చినది. పక్షి రెక్కకును చేప రెక్కకును ఒకే మాటను వాడుట గ్రీకులకు వింతగాదు. అరిస్టాటిల్ మహాశయుడు చేపల ఈతరెక్కలను చిన్నిరెక్కలను అర్థము వచ్చు మాటతోనే వ్యవహరించెను. మనవారును ఈ త్రోవనే నడచిరి. వాడుకలో చేపకు రెక్కలనియే అందుము. పాఠ్యగ్రంథములలో వాజములని వ్రాయుదుము. వాజమనగా సంస్కృతమున రెక్క, విశేషించి బాణము వెనుకభాగమున కట్టు ఈక. గాలిలో బాణము గతి తప్పకుండ నిలుపు ఈక పేరు నీటిలో చేప గతిని నిలుపు అవయవమునకు తెచ్చి పెట్టిన పండితు డెవ్వరో గాని, ఆ మాట ఎంత యుచితముగా అమరినదో చెప్పనక్కఱలేదు. మలకాప్టెరీజియైకి తెలుగున మృదుపక్షములనవచ్చును. దీనికి ప్రతిగా నిలిచిన పదము ఎకాంథోప్టెరీజియై. ఎకాంథ అనగా ముల్లు గనుక, అవి కంటకపక్షములు.

ఇచ్చట ఒక భ్రాంతిని తొలగింపవలసియున్నది. నత్తలు, ఆలిచిప్పలు మొదలైనవానిని గూర్చిన శాస్త్రమునకు మలకాలజీ అని పేరు. అందును మలకోస్ అను ధాతువే కలదు. అచట మెత్తదనము శరీరమంతటిది. మన మృదుపక్షముల మెత్తదనము అట్టిది కాదు. రవ్వకును బొచ్చెకును గట్టి వెన్నెముక కలదు; కండలో దాగిన సన్నని ముండ్లు ఎన్ని కలవో వానిని ఏఱుకొని తిన్న ప్రతివారికి తెలియును. నామము చెప్పు మెత్తదనము కండకు సంబంధించినది కాదు, ఎముకకు సంబంధించినది కాదు; రెక్కను సాచి నిలుపు శలాకలకు మాత్రమే సంబంధించినది.

శలాక యనగా గొడుగుగుడ్డను విప్పి నిలుపు ఊచవంటిది. రవ్వచేప వీపురెక్కను రెండు వ్రేళ్ళతో పట్టి మెల్లగా విప్పి, ఎండ వెలుతురునకు ఎదురుగా ఎత్తి చూడుడు. పలుచని పొర నడుమ వరుసగా శలాకలు కానవచ్చును. మొదట నున్న కొన్ని తప్ప, తక్కిన ప్రతి శలాకయు క్రింద ఒక్కటిగా బయలుదేరి, పైకి పోయిన కొలదియు రెండుగా, మఱల నాలుగుగా చీలి, కొనయందు చిన్న కుంచెవలె అగును. ఇంకను దగ్గఱగా చూచితిమేని, వెదురుకఱ్ఱకు కణుపులున్నట్లు, శలాక పొడవునను సన్నని అడ్డగీతలు కనబడును. అది చిన్నచిన్న తునుకల కూర్పు. కంటికి కనబడని మఱియొక రహస్యమును కలదు. ప్రతి మృదుశలాకయు నిజమునకు ఒక్కటి కాదు. కుడి యెడమల రెండు సన్నని బద్దలు ఒకదానికొకటి ఆనుకొని యుండును. ఒక వెదురుబద్దను నిలువున చీల్చి, కొనలను కట్టి, మొదట ఒక బద్దను మాత్రము క్రిందికి లాగితిమేని కఱ్ఱ ఆ వైపునకు వంగును గదా! చేపయు మొదటనున్న సన్నకండరములతో ఒక బద్దను లాగి రెక్కను ఆ వైపునకు వంచును, రెండవదానిని లాగి ఈ వైపునకు మఱల్చును. కదలని నీటిలో నిశ్చలముగా నిలిచినట్లు కనబడు రవ్వ, తన రెక్కల అంచులను అలలు అలలుగా ఆడించుట ఈ యంత్రము చేతనే సాధ్యమగుచున్నది.

ఇక జిలేబి యని పిలుచు ఆఫ్రికా చేప వీపురెక్కను తడవి చూడుడు. ముందుభాగమున సూదులు నాటినట్లు ముండ్ల వరుస చేతికి తగులును. అవి చీలవు, కణుపులు లేవు, రెండు బద్దలుగా విడిపోవు. ప్రతిదియు ఒకే ఎముకపోగు. అది శత్రువు గొంతులో అడ్డుపడుటకు పుట్టినది. మెత్తని శలాక ఈతలోని నేర్పునకు, గట్టి ముల్లు రక్షణకు అని స్థూలముగా చెప్పవచ్చును.

ఈ భేదమును శాస్త్రమున ప్రధానసూత్రముగా నిలిపినవాడు స్వీడను దేశీయుడైన పీటర్ ఆర్టెడి. అతనికి ముందే ఇంగ్లండున ఫ్రాన్సిస్ విల్లుబీ, జాన్ రే అను పండితులు 1686లో వెలువడిన మత్స్యచరిత్రమున రెక్కల మెత్తదనమును, ముండ్లను గుర్తించియుండిరి. అయినను దానిని పట్టుకొని చేపల ప్రపంచమునంతను గణములుగా విభజించి, ఆ గణములకు నామములిచ్చిన ఘనత ఆర్టెడిదే. అతడు 1705లో జన్మించెను. ఉప్సాలా విశ్వవిద్యాలయమున అతనికి కార్ల్ లిన్నేయస్‌తో పరిచయమై అది గాఢమైత్రిగా మాఱెను. ఇరువురును ప్రకృతిని పంచుకొనిరి. మొక్కలు విశేషముగా లిన్నేయస్ పాలు, చేపలు ఆర్టెడి పాలు. తమలో ఎవరు ముందు గతించినను రెండవవాడు అతని వ్రాతప్రతులను లోకమునకు అందింపవలెనని ఒండొరులకు మాట యిచ్చుకొనిరి.

యువకులు ఇట్టి ప్రతిజ్ఞలు చేయునప్పుడు మృత్యువు దూరమున నున్నదనియే తలతురు. 1735లో ఆర్టెడి హాలెండు చేరి, ఆంస్టర్‌డాం నగరమున ఆల్బెర్టస్ సేబా అను ఔషధవర్తకుని యొద్దనున్న గొప్ప జంతుసంచయమునందలి చేపలను వర్ణించుపనికి కుదురుకొనెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 27వ తేది రాత్రి సేబా గృహమున విందు ముగించుకొని, చీకటిలో బసకు మరలి వచ్చుచు కాలువలో పడి మునిగిపోయెను. అప్పటికి అతనికి ముప్పది యేండ్లు. జీవితమంతయు నీటిలోని ప్రాణులను చదివినవానిని నీరే మ్రింగినది. లిన్నేయస్ తన మాట నిలుపుకొనెను. గతించిన మిత్రుని వ్రాతప్రతులను సంపాదించి, 1738లో లైడెన్ నగరమున ఇక్తియాలజియా అను పేర ప్రకటించెను. మృదుపక్షములు, కంటకపక్షములు అను విభాగము ఆ గ్రంథమున సుప్రతిష్ఠితమైనది. తిమింగిలములను కూడ ఆర్టెడి చేపలలోనే చేర్చెను; 1758లో లిన్నేయసే వానిని స్తన్యజంతువులలోనికి మార్చెను. ఆ సంవత్సరము ప్రకటించిన తన గ్రంథముననే లిన్నేయస్ మిత్రుని రెక్కల సూత్రమును విడిచి, కడుపురెక్కలు దేహమున ఎచట నున్నవను దానిని ప్రమాణముగా గొనెను. అయినను మృదుపక్షనామము నశింపలేదు. ఫ్రెంచి పండితుడు క్యూవియే 1817లో దానిని మఱల చేపట్టి, కడుపురెక్కలు పొట్ట నడుమ నున్నవి, ముందునకు జరిగి భుజపురెక్కల క్రింద నున్నవి, కడుపురెక్కలే లేనివి అని మృదుపక్షములను మూడు తెగలుగా చేసెను. ఆర్టెడి ప్రమాణమును లిన్నేయస్ ప్రమాణమును ఒకే పట్టున ముడివడినవి.

ఈ మృదుపక్షములలో ఒకటి మన పురాణకథయందును మెఱసినది; దానిని చూచుటకు ఇపుడు జనగామ జిల్లాలోని బమ్మెరకు పోదము. భాగవతమును తెనిగించిన పోతనామాత్యుని గ్రామమని ప్రసిద్ధిగాంచిన చోటది. అష్టమస్కంధమున మత్స్యావతారకథ కలదు. సత్యవ్రతుడను రాజు కృతమాలానదిలో నిలిచి జలతర్పణము చేయుచుండగా, అతని దోసిటి నీటిలోనికి ఒక చిన్నచేప వచ్చి చేరినది. సంస్కృతమూలమున ఆ చేప పేరు శఫరి. శఫరమనగా లోతులేని నీట తళుక్కున మెఱసి పాఱు చిన్నచేప. మోనియర్ విలియమ్స్ తన సంస్కృతనిఘంటువున ఈ శఫరమునకు, గంగానదీమత్స్యములను వర్ణించి 1822లో గ్రంథము ప్రకటించిన హామిల్టన్ దొర ఒక చిన్న పరిగెకు పెట్టిన సోఫోరె అను శాస్త్రనామమునే అర్థముగా వ్రాసెను. బొచ్చె, రవ్వ, మోసులకును శాస్త్రనామములు ఆ హామిల్టన్ గ్రంథమునుండియే వచ్చినవి. మన చెఱువు అలుగుల యొద్ద పిల్లలు తువ్వాలు అడ్డుపెట్టి పట్టు పరకలు ఆ శఫరపు కులమువే. సత్యవ్రతుని అరచేతిలో ముల్లు నాటకుండ ఇమిడినది మృదుపక్షమనుట నాకు ఎంతయు ప్రీతికరమైన విషయము.

భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వరము కడ ప్రాణహిత వచ్చి గోదావరిని కలియును. ఆ నీటిలో తిరుగు చేపలలో వాలుగ ఒకటి. వెడల్పయిన నోరు, సన్నగా సాగిన తోక, పొలుసులేని నున్నని చర్మము గలది. క్యూవియే పద్ధతిని ఇదియు మృదుపక్షమే. దీని విశేషమేమనగా, లోకమందలి శాస్త్రజ్ఞులందఱును దీనిని తెలుగుపేరుతో పిలుతురు. స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రసెల్ విశాఖపట్టణమున నుండి, అచట పట్టుబడిన రెండువందల చేపలను బొమ్మలతో వర్ణించి, 1803లో రెండు సంపుటములుగా లండనులో ప్రకటించెను. ఆ తీరపు జాలరులు ఏ చేపను ఏ పేర పిలిచిరో ఆ పేరును తన చెవికి వినబడినట్లు ప్రక్కనే వ్రాసికొనెను. అతడు వ్రాసికొన్న వాలుగ అను మాటయే తరువాత లాటినుభాష వేషము తాల్చి వల్లాగో అను ప్రజాతినామమైనది. ఆర్టెడి గ్రీకుభాషనుండి పేరు తెచ్చినట్లే, రసెల్ తెలుగుజాలరి నోటినుండి పేరు తెచ్చెను. శాస్త్రము రెంటిని సమానగౌరవముతో స్వీకరించినది.

ఇంతవరకు నామమునకు ఏ చిక్కును రాలేదు. చిక్కు జెల్లతో మొదలగును. మృదుపక్షములని పేరుపడిన గణమున మీసముల చేపలను కూడ చేర్చిరి గదా. మఱి జెల్ల భుజపురెక్క మొదట చేతిలో దిగు ఆ ముల్లేమి? పరీక్షించి చూడగా అది జాతిముల్లు కాదని తేలినది. మృదుశలాకయొక్క తునుకలే ఒకదానితో నొకటి అతుకుకొని, రెండు బద్దలును ఏకమై, గట్టిపడి, అంచున ఱంపపుపండ్లు తొడిగి ముల్లువలె మాఱినవి. చేప దానిని సాచి, మొదటనున్న కీలును బిగించినచో, ఎంత వంచినను వంగదు. బంగారుతీగ వీపురెక్క ముందున్న ఱంపపుముల్లును అట్టిదే. గట్టిపడిన శలాకయే గాని పుట్టుముల్లు కాదు. పుట్టుకచే మెత్తనిదై అవసరముచే ముల్లయినదానిని ముల్లనవలెనా మెత్తననవలెనా? చేయి చెప్పిన సాక్ష్యము ఇచట మొదటిసారి తడబడినది.

రెండవ చిక్కు మఱింత గట్టిది. దానిని తెలిసికొనుటకు మానుకోట జిల్లాలోని బయ్యారము చెఱువునకు పోవలెను. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెఱువది. దాని గట్టుననున్న శాసనము కాకతీయుల వంశక్రమమును తెలుపుటచే చరిత్రకారులకు ప్రాణప్రదము. భూపాలపల్లి జిల్లాలో గణపురము కడనున్న గణపసముద్రమువలెనే ఇదియు ఇన్ని శతాబ్దములు దాటియు మనకు నీరిచ్చుచున్నది. ఇట్టి చెఱువుల బురదలోను, తుంగలోను, నీటిమొక్కల నీడను కొర్రమట్ట తిరుగును. తెలంగాణకు రాష్ట్రమత్స్యముగా ఎన్నుకొనబడిన చేప యిదియే. ఎండకాలమున మడుగులు ఇంకి, తక్కిన చేపలు వెల్లకిలబడి చచ్చుచుండగా, మొప్పలపైనున్న ప్రత్యేకమైన గదులలోనికి గాలిని పీల్చి, తడి బురదలో సైతము ప్రాణము నిలుపుకొనును. తన పిల్లలు గుంపుగా ఎఱ్ఱగా నీటిపై తేలియాడుచుండగా తల్లిదండ్రులు వానిని కాచుకొని యుండుటను చెఱువుగట్టున కూర్చున్నవారందఱును ఎఱుగుదురు.

కొర్రమట్ట వీపురెక్క తలవెనుక మొదలై తోకవఱకు సాగును. అందు నలుబది శలాకల వఱకు ఉండును. ఒక్కటియు ముల్లు కాదు. తోకవైపునుండి తలవైపునకు వ్రేలితో ఎదురు దువ్వినను గీఱుకొనదు. నామమును నమ్మితిమేని ఇంతకంటె మృదుపక్షము వేఱొకటి యుండదు. కాని క్యూవియే దానిని ముండ్ల చేపల పక్షముననే చేర్చెను! అతని కన్ను రెక్క దగ్గఱ ఆగలేదు. మొప్పల ప్రక్కనున్న గాలిగదిని చూచెను. ముండ్ల రెక్కలు గల గాలిపీల్చు చేపలలోని గదులతో అది పోలియున్నది. ఇంకొక సాక్ష్యమును కలదు. బొచ్చెకు కడుపురెక్కలు పొట్ట నడుమ నుండును. కొర్రమట్టకు అవి ముందునకు జరిగి, భుజపురెక్కలకు చేరువగా నుండును. ఈ లక్షణము ముండ్ల చేపలది. ముల్లును పోగొట్టుకొన్న కంటకపక్షము కొర్రమట్ట. ముల్లును సంపాదించుకొన్న మృదుపక్షము జెల్ల. ఒకే అంగడిలో, ప్రక్కప్రక్క తట్టలలో, ఈ రెండు చేపలును కలిసి ఒక మహాశాస్త్రనామమును ఓడించినవి.

పందొమ్మిదవ శతాబ్దమున పండితులు చేపల లోపలికి చూడజొచ్చిరి. 1820లో వెబర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కొన్ని చేపలలో గాలితిత్తికిని లోచెవికిని నడుమ సన్నని ఎముకల గొలుసు కలదని చూపెను. నీటిలోని ధ్వని గాలితిత్తిని కదిలించును. ఆ కదలికను ఈ గొలుసు చెవికి చేర్చును. ఆ శతాబ్దపు నడిమికాలమున యోహానెస్ మ్యూలర్ అను మఱియొక జర్మను పండితుడు, గాలితిత్తినుండి గొంతునకు నాళము తెఱచియున్న చేపలను ఒక గణముగా ఏర్పఱచెను. మృదుపక్షములలో పెక్కు అందు చేరినవి. చివరకు వంశక్రమమే విభజనకు మూలమను సిద్ధాంతము స్థిరపడినది. 1966లో గ్రీన్‌వుడ్, రోజెన్, వైట్జ్‌మన్, మయర్స్ అను నలువురు శాస్త్రజ్ఞులు ఎముకచేపల వంశములను పునఃపరిశీలించి వ్రాసిన మహావ్యాసము తరువాత పాత చట్రము పూర్తిగా సడలినది. మెత్తరెక్క చేపలలోని పూర్వస్థితి. దానిని నిలుపుకొనుట మాత్రముచేత చుట్టరికము సిద్ధింపదు. పూరిగుడిసెలో నున్నంత మాత్రమున ఇరుగుపొరుగువా రొక్క యింటిపేరివారు కారు గదా! ఐనను బొచ్చె, రవ్వ, పరక, జెల్ల, వాలుగ నిజముగా జ్ఞాతులే. చెవియెముకల గొలుసు వాని అన్నింటియందును కలదు. మంచినీటి చేపల జాతులలో సగమునకు మించినవి ఈ గొలుసుకట్టు కులమువే.

చుట్టరికమును ఎఱుగుట పండితుల కాలక్షేపము మాత్రమే అనుకొనరాదు. బొచ్చె, రవ్వ, మోసు నదులలో వఱదనీట గ్రుడ్లు పెట్టు చేపలు. నిలిచిన చెఱువునీట అవి యెంత బలిసినను గ్రుడ్లు పెట్టవు. అందుచే పూర్వము చేపపిల్లలకై నదులను వెదకవలసివచ్చెడిది. 1957 జూలై 10వ తేదిని ఒడిషాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అను మత్స్యశాస్త్రజ్ఞుడు, చేప మెదడు క్రిందనుండు పీయూషగ్రంథిరసమును తల్లిచేపలకు సూదిద్వారా ఎక్కించి, నిలువనీటనే గ్రుడ్లు పెట్టించెను. ఒక చేప గ్రంథిరసము దాని దగ్గఱి చుట్టమైన మఱియొక చేపయందు పనిచేయుననుటయే ఈ విద్యకు ప్రాణము. బంగారుతీగ గ్రంథితో రవ్వను గ్రుడ్లు పెట్టించుట పిదప సర్వసామాన్యమైనది. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరినీరు ఎక్కివచ్చి ఘన్‌పూర్ జలాశయమును నింపగా, మెట్టప్రాంతమైన జనగామలో ముదిరాజులు, గంగపుత్రులు నేడు వల విసరి పట్టు బొచ్చె వెనుక ఆ చుట్టరికపు జ్ఞానము కలదు.

కావున మలకాప్టెరీజియై అను పాతమాటను త్రోసిపుచ్చిన మాటగా గాక, త్రోవ చూపిన మాటగా నేను గౌరవింతును. చేపలవాని చేయి తెలిసికొన్నదానిని ఆర్టెడి పేరుగా మలచెను. పేరున్నది గనుకనే జెల్లయు కొర్రమట్టయు దానికి ఒదుగవని తెలిసినది. ఒదుగకపోవుట చేతనే శాస్త్రజ్ఞులు చర్మమును దాటి చెవియెముక వఱకు పోయిరి. పేరే లేకున్నచో ఆ తేడాను ప్రశ్నించువారే లేకపోయెడివారు.

వచ్చు మృగశిరనాడు చేప యింటికి వచ్చినప్పుడు, కత్తిపీట ముందు పెట్టుకొనకముందు, ఇంటిలోని పిల్లలను పిలువుడు. రవ్వ వీపురెక్కను విప్పి వెలుతురునకు పట్టి, శలాక ఎచట చీలినదో, కణుపులు ఎచట నున్నవో చూపుడు. కొర్రమట్టను బూడిదతో పట్టి, పొట్టక్రింది రెక్కలు ఎంత ముందున నున్నవో వారి వ్రేలితోనే తాకింపుడు. జెల్లను మాత్రము మీరే పట్టుకొనుడు.